జుట్టు ఊడుతుంటే నూనె మార్చడం వైద్యం కాదు

అనొరెక్సియా, బులీమియా వంటి ఆహార రుగ్మతలు ముదిరినప్పుడు జుట్టు గుప్పెళ్లకొద్దీ ఊడుతుంది. ఇంట్లోవాళ్లు మాత్రం బోరు నీళ్లను, షాంపూను, నూనె రాయని అలవాటును తిట్టుకుంటారు. నూనె మారుతుంది, ఆపైన బయోటిన్ బిళ్లలు వస్తాయి. కంచంలో రోజూ ఎంత అన్నం మిగిలిపోతోందో ఎవరూ చూడరు. జుట్టు జబ్బు తలకే పరిమితమన్న ఈ నమ్మకం పొరపాటే కాదు, ప్రమాదం కూడా.

తలమీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. వాటిలో 85–90 శాతం ఎప్పుడూ పెరుగుతుంటాయి. మిగతావి విశ్రాంతి దశలో ఉంటాయి. రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం మామూలే. కుదుళ్లలోని కణాలు చాలా వేగంగా విభజన చెందుతాయి గనుక వాటికి మాంసకృత్తులు, ఇనుము, జింకు నిత్యం అందాలి. తిండి చాలనప్పుడు శరీరం ఉన్న శక్తిని గుండెకూ మెదడుకూ మళ్లించి జుట్టును వదిలేస్తుంది. అప్పటిదాకా పెరుగుతున్న వెంట్రుకలు ఒక్కసారిగా విశ్రాంతి దశలోకి వెళ్లి, రెండు మూడు నెలలకు ఊడిపోతాయి. అమెరికా చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ 1961లో ఈ స్థితిని టెలోజెన్ ఎఫ్లూవియంగా వర్ణించాడు.

అసలు కారణాన్ని కప్పిపెట్టేది ఈ వ్యవధే. సంక్రాంతి తర్వాత అన్నం మానేసిన అమ్మాయికి ఉగాది వేళకు దువ్వెన నిండుతుంది. నెపం హాస్టల్ నీళ్లమీదికి పోతుంది.

ఊడిన వెంట్రుకను వెలుతురులో పట్టుకుంటే మొదలు దగ్గర చిన్న తెల్లని బుడిపె కనిపిస్తుంది. వేరుతో సహా వచ్చేసింది, ఇక మొలవదని బెంబేలు పడతారు. నిజానికి అది ఎదుగుదల ముగిసిన వెంట్రుక గట్టిపడిన మొదలు. కుదురు చర్మంలో భద్రంగానే ఉంటుంది, పోషణ అందితే మళ్లీ మొలిపిస్తుంది.

అంతా టెన్షన్ వల్లేనన్న వాదన కూడా సరిపోదు. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పరిశోధకుడు యాన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను 24 వారాలపాటు అరకొర తిండితో ఉంచాడు. ఏ రుగ్మతా లేకుండా వచ్చిన ఆ యువకులకూ జుట్టు రాలింది.

ఇక బయోటిన్ అనే విటమిన్. దాని లోపం లేనివారికి అది జుట్టు నిలుపుతుందనడానికి గట్టి ఆధారం లేదు. పైగా ఎక్కువ మోతాదులో వాడితే గుండెపోటును పసిగట్టే ట్రోపోనిన్ పరీక్ష ఫలితం కూడా తప్పుగా రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది. పస్తులతో గుండె నీరసించిన మనిషికి ఇది చిన్న ముప్పు కాదు.

చూడవలసిన గుర్తులు వేరే ఉన్నాయి: తప్పిన నెలసరి, తిన్న వెంటనే బాత్‌రూమ్‌కు వెళ్లడం, అనొరెక్సియాలో ఒంటిమీద మొలిచే సన్నని నూగు. బరువు మామూలుగా ఉందని ధీమా పడకూడదు. బులీమియాలో చాలామంది బరువు అలాగే ఉంటుంది. ఇలాంటివారిని కసిరి, బలవంతాన తినిపించకూడదు. బాగా చిక్కినవారికి ఒక్కసారిగా ఎక్కువ పెడితే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే మానసిక వైద్యులు, ఫిజీషియన్ కలిసి చూడాలి. తిండి కుదుటపడ్డాక కూడా కొన్ని వారాలు జుట్టు ఊడుతూనే ఉంటుంది. అది చూసి భయపడి చికిత్స మానేయవద్దు.