తేనె వేసినా చక్కెర లెక్కే



ఇంట్లో చేసుకునే కోల్డ్ కాఫీ గురించి గత సంచికలో వచ్చిన వ్యాసం సగం వరకే బాగుంది. బయట కొనేదానికన్నా ఇంట్లో మిక్సీలో తిప్పుకున్నది మేలన్న మాట నిజమే. చక్కెర బదులు తేనె ఎంతైనా వేసుకోవచ్చన్న సలహాతోనే నా పేచీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాల్లో తేనెనూ చక్కెర లెక్కలోనే వేసింది. రోజుకు 2,000 కేలరీలు తినేవారు 50 గ్రాములు దాటొద్దని, 25 లోపైతే ఇంకా మంచిదని చెప్పింది. ఆ వ్యాసంలో వేయమన్న కండెన్స్‌డ్ మిల్క్‌లో సగం దాకా చక్కెరే. మధుమేహం ఉన్నవాళ్లు ఆ వ్యాసం చదివి ధైర్యంగా తాగితే ఎలా?

అసలు చిక్కు చల్లదనంలో ఉంది. చల్లటివి తాగేటప్పుడు నాలుకకు తీపి తక్కువగా తెలుస్తుంది. పైగా ఐసు కరిగి కాఫీ పలచబడుతుంది. అందుకే ఇంకో చెంచా చక్కెర వేస్తాం. దానికి బదులు చిక్కటి డికాక్షన్‌నే ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించండి. ఆ ముక్కలు, మీగడ తీసిన చల్లటి పాలు, బాగా మగ్గాక ఫ్రీజర్‌లో పెట్టిన అరటిపండు సగం, చిటికెడు యాలకుల పొడి కలిపి తిప్పితే ఐస్‌క్రీమ్ అక్కర్లేకుండానే చిక్కగా, నురగగా వస్తుంది. మధుమేహం ఉన్నవాళ్లు ఆ పండునూ లెక్కలో వేసుకోవాలి.

ఈ కాఫీ భోజనం మీద మాత్రం వద్దు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు భోజనానికి గంట ముందు, గంట తర్వాత కాఫీ, టీలు మానమన్నాయి. తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు.

ఇకపై ఇలాంటి వంటకాలు వేసేటప్పుడు గ్లాసుకు ఎన్ని గ్రాముల చక్కెర పడుతుందో కూడా అచ్చు వేయాలని మనవి.

– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం