గొట్టము మొఱపెట్టిన వినువారెవరు?

భూగర్భమున బోవు గ్యాసు గొట్టముల స్థితిని నిస్తంత్రీ సెన్సారులచే ననుక్షణము కనిపెట్టు విధానము నేడు వ్యాప్తికి వచ్చుచున్నది. దీనిని మేము మనసార నాహ్వానించుచున్నాము. కాని యీ విషయమున నొక ప్రశ్న వేయు నధికారము కోనసీమ ప్రజలకు కలదు.

2014వ సంవత్సరము జూను 27వ తేదీ తెల్లవారుజామున, మామిడికుదురు మండలమందలి నగరము గ్రామమున గెయిల్ సంస్థవారి గొట్టము ప్రేలి 20 మందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. తాటిపాకనుండి కొండపల్లి విద్యుత్కేంద్రమునకు బోవు 18 అంగుళముల గొట్టమది. పొడివాయువునకై నిర్మించిన గొట్టమున తడివాయువును పంపిరని విచారణలో తేలినది. నీటితో బొగ్గుపులుసువాయువు గలసినచో ఆమ్లము పుట్టును. అది యుక్కును లోపలినుండి తినివేయును. పైన కొబ్బరితోటలు పచ్చగానే యుండును. క్రింద గొట్టము నానాటికి పలుచబడుచుండును.

ఇట్టి చోటనే సెన్సారుల యుపయోగము. గొట్టమున కంటియున్న యొక సెన్సారు లోని యొత్తిడిని, మఱియొకటి లోహపు మందమును కొలుచును. వేఱొకటి సన్నని రంధ్రమునుండి వాయువు వెడలు ధ్వనిని పసిగట్టును. ఈ వార్తలు రేడియోతరంగములపై ఒకదానినుండి మఱియొకదానికి సాగి కార్యస్థానమును చేరును. తడినేల యీ తరంగములను మ్రింగివేయును. బ్యాటరీలును కొన్నియేండ్లకు మార్చవలసి యుండును. కాలువలతో, వరిచేలతో నిండిన డెల్టాలో నీ పని కొంత శ్రమతో గూడినదే యైనను అసాధ్యము కాదు.

అయినను నగరము గ్రామమున వార్త చెప్పువారు లేకపోలేదు. గ్యాసు లీకగుచున్నదని తాము ముందే మొఱపెట్టుకొంటిమని గ్రామస్థులు నాడు కన్నీళ్లతో చెప్పిరి. మనుష్యుని మాటకు కదలని యధికారి యంత్రపు మాటకు కదలునని నమ్ముట యెట్లు? ఇదియే మా ప్రశ్న.

కావున సెన్సారులతోపాటు కొన్ని నిబంధనలును రావలెను. పాతబడినవియు, ఇండ్లచెంతనుండి పోవునవియు నగు గొట్టములకు మొదట వీనిని అమర్చవలెను. ప్రమాదసూచన కార్యస్థానమునకు చేరిన క్షణముననే గ్రామపంచాయతీకిని చేరవలెను. వాల్వు మూయవలసిన వారెవరో, ఎన్ని నిమిషములలో మూయవలెనో ముందుగానే నిర్ణయింపబడవలెను. గొట్టముల మందమును గూర్చిన లెక్కలు ఏటేట ప్రజలకు వెల్లడి కావలెను. 2006వ సంవత్సరపు శాసనముచే నేర్పడిన పెట్రోలియము, సహజవాయు నియంత్రణ మండలి యీ బాధ్యతను వహింపవలసియున్నది.

వ్యయము హెచ్చని కొందఱనవచ్చును. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుటకంటె నిది చౌకయే. ఆ వాయువు కోనసీమ నేలనుండి వెలువడినది. దాని వెలుగు దూరపు పట్టణములకు చేరినది. దాని మంట మాత్రము ఆ గ్రామమువారి పాలబడినది. తమ వాకిళ్ల క్రింద నేమి జరుగుచున్నదో తెలిసికొను హక్కు వారికి కలదు. ఆ హక్కును గుర్తింపనంతవఱకు, ఎంతటి సూక్ష్మయంత్రమైనను చెవిటివాని ముందు శంఖమూదినట్లే యగును.