టర్కీలో ఆషూరెకు ఉన్న చోటు అలెవీలకు ఉందా?

మొహర్రం పదో రోజు వచ్చిందంటే టర్కీలో ఎన్నో ఇళ్లలో పెద్ద పెద్ద గిన్నెలు పొయ్యి మీదకు ఎక్కుతాయి. గోధుమలు, సెనగలు, చిక్కుడు గింజలు, ఎండు అంజీర్, ఎండు ఖుబానీ, కిస్‌మిస్, అక్రోటు, పైన చల్లడానికి దానిమ్మ గింజలు... ఇంట్లో ఏముంటే అది వేసి తియ్యగా వండే ఈ పాయసాన్ని 'ఆషూరె' అంటారు. మహా జలప్రళయం తగ్గి హజ్రత్ నూహ్ (అ) ఓడ నేలను తాకిన రోజున, ఓడలో మిగిలిన గింజలన్నీ ఒకే పాత్రలో వేసి వండుకున్నారని, అదే మొదటి ఆషూరె అని అక్కడి జనం చెప్పుకునే కథ. దివ్య ఖురాన్‌లో ఈ వంట ప్రస్తావన ఏదీ లేదు. మన హైదరాబాద్‌లో ఆషూరా నాడు ఖిచ్‌డా వండుకుంటారే, అలాంటి ఆచారమే ఇదీ.

ఆషూరె విశేషం రుచిలో కన్నా పంపకంలో ఉంది. ఎవరూ తమ ఇంటి మట్టుకే దీన్ని వండుకోరు. గిన్నెల్లో నింపి ఇరుగు పొరుగుకు, పై అంతస్తు వారికి, కింది అంతస్తు వారికి పంపుతారు. పుచ్చుకునేవారి మతమేమిటో అడగరు. ఆ గిన్నెను ఖాళీగా తిరిగివ్వడం మర్యాద కాదు కనుక నాలుగు రోజులకు అందులో మరేదో వంటకం ఇటు వస్తుంది.

ఒకే పాయసం వెనుక ఒకటి కాదు, మూడు కథలున్నాయి. సున్నీలకు అది నూహ్ (అ) ఓడ జ్ఞాపకం. అలెవీలకు అది కర్బలా. వారు మొహర్రంలో పన్నెండు రోజులు ఉపవాసముంటారు. హజ్రత్ ఇమామ్ హుసేన్ (రజి) దాహాన్ని తలచుకుని ఆ రోజుల్లో నీళ్లు నీళ్లుగా తాగరు. ఉపవాసాలు ముగిశాక, ఇమామ్ జైనుల్ ఆబిదీన్ ప్రాణాలతో మిగిలినందుకు కృతజ్ఞతగా ఆషూరె వండుతారు. ఇక ఆర్మేనియన్ క్రైస్తవులు దాదాపు ఇదే వంటకాన్ని మరో పేరుతో క్రిస్మస్ రోజుల్లో చేసుకుంటారు.

అలెవీలంటే ఎవరో మన పాఠకుల్లో చాలామందికి తెలియకపోవచ్చు. హజ్రత్ అలీ (రజి) పట్ల, అహ్లె బైత్ పట్ల అపారమైన ప్రేమ గలవారు. పదమూడో శతాబ్దపు సూఫీ హాజీ బెక్తాష్ వలీని పీర్‌గా తలచేవారు. వారి సామూహిక ఆరాధన పేరు 'జెమ్'. స్త్రీ పురుషులు కలిసే కూర్చుంటారు. 'దెదె' అనే పెద్ద ముందుండి నడిపిస్తాడు. సాజ్ వాద్యంపై భక్తి గీతాలు పాడతారు, 'సెమాహ్' అనే వలయ నృత్యం చేస్తారు. ఇదంతా జరిగే ఇల్లు 'జెమెవి'. దేశ జనాభా ఎనిమిదిన్నర కోట్లలో వీరు పదో వంతని కొందరు, నాలుగో వంతని కొందరు అంటారు. జనాభా లెక్కల్లో ఆ గడి లేదు.

టర్కీ జనజీవనంలో మతాల మధ్య గోడలు మనం దూరం నుంచి ఊహించుకున్నంత ఎత్తుగా ఉండవు. మే 5 రాత్రి, 6వ తేదీన జరిగే 'హిదిరెల్లెజ్' పండుగనే తీసుకోండి. హజ్రత్ ఖిజ్ర్ (అ), హజ్రత్ ఇల్యాస్ (అ) ఆ రాత్రి భూమి మీద కలుసుకుంటారని నమ్మకం. సూరా కహఫ్‌లో మూసా (అ)కు ఎదురైన దైవదాసుడు ఖిజ్రే (అ) అని వ్యాఖ్యాతలు చెబుతారు కదా, ఆయనే. ఆడపడుచులు తమ కోరికలను కాగితంపై రాసి, బొమ్మ గీసి గులాబీ పొద కింద పెడతారు. విచిత్రమేమంటే, పాత పంచాంగం పాటించే క్రైస్తవులకు సెయింట్ జార్జ్ పండుగ కూడా సరిగ్గా మే 6నే వస్తుంది. కొత్త పంచాంగం ప్రకారం అదే పండుగ ఏప్రిల్ 23న. ఆ రోజు ఇస్తాంబుల్ దగ్గరి బూయుకదా దీవిలో కొండ మీది సెయింట్ జార్జ్ మఠానికి వేలాది మంది నడిచి ఎక్కుతారు. దారి పొడవునా పొదలకు దారాలు చుట్టుకుంటూ వెళ్లే ఆ జనంలో అత్యధికులు ముస్లింలే! ధర్మశాస్త్రం దీన్ని ఒప్పుతుందా అని అడిగితే ఉలేమా ఏం చెబుతారో మనకు తెలుసు. ఆ చర్చ వేరు. పరాయి మతం గడప తొక్కితే కీడు జరుగుతుందన్న భయం మాత్రం ఆ జనంలో లేదు.

ఇంతవరకు చదివి టర్కీని సహనానికి స్వర్గధామం అనుకుంటే పొరపాటు. ఆ దీవికి ఎక్కే క్రైస్తవుల సంఖ్య ఎందుకంత తగ్గిందో కూడా చెప్పాలి. 1923లో గ్రీసుతో కుదిరిన ఒప్పందం ప్రకారం అనతోలియా నుంచి సుమారు 12 లక్షల ఆర్థడాక్స్ క్రైస్తవులను గ్రీసుకు, అక్కడి నుంచి దాదాపు 4 లక్షల ముస్లింలను టర్కీకి తరలించారు. ఎవరు ఏ భాష మాట్లాడతారన్నది చూడలేదు, మతమే కొలబద్ద. టర్కీ భాష తప్ప మరో ముక్క రాని క్రైస్తవులు గ్రీసులో దిగారు. గ్రీకు మాత్రమే వచ్చిన క్రీట్ ముస్లింలు టర్కీలో దిగారు. మినహాయింపు పొందిన ఇస్తాంబుల్ గ్రీకులు అప్పట్లో లక్షకు పైగా ఉండేవారు. 1955 సెప్టెంబర్ 6, 7 తేదీల్లో మూకలు వారి ఇళ్లు, దుకాణాలు, చర్చీల మీద పడ్డాయి. 1964లో వేలాది మందిని దేశం నుంచి పంపేశారు. ఇప్పుడక్కడ మిగిలినవారు కొన్ని వేలే. హాల్కి దీవిలోని వారి మతగురువుల విద్యాలయం 1971లో మూతపడింది.

జానపదంలో తీపి మాత్రమే ఉండదు. సున్నీ ఇళ్లలో బెక్తాషీ ఫకీరు జోకులు చెప్పుకుని నవ్వుకుంటారు. అదే నోటితో, జెమ్‌లో దీపాలార్పి అలెవీలు అనాచారాలకు పాల్పడతారన్న నీచమైన కట్టుకథ కూడా తరతరాలుగా సాగింది. అలెవీ కోసిన మాంసం తినరాదన్న మాట చాలా ఊళ్లలో వినిపించేది. ఆషూరె గిన్నెను గుమ్మంలో పుచ్చుకుని లోపలికి వెళ్లాక పారబోసిన పొరుగువారూ ఉన్నారని అలెవీ పెద్దలు చెబుతారు. 1978 డిసెంబర్‌లో మరాష్ పట్టణంలో వంద మందికి పైగా హతులయ్యారు. వారిలో అత్యధికులు అలెవీలు. అంతకు ముందు వారి ఇళ్ల తలుపుల మీద గుర్తులు పెట్టారు. 2012లో ఆదియమాన్‌లో అలెవీల ఇళ్లపై మళ్లీ అలాంటి గుర్తులే కనిపించినప్పుడు ఆ వీధుల్లో ఎవరికి నిద్ర పడుతుంది?

ఈ వ్యవహారంలో రాజ్యం పాత్ర ఏమిటన్నదే అసలు ప్రశ్న. 1924 మార్చి 3న ముస్తఫా కెమాల్ ప్రభుత్వం ఖిలాఫత్‌ను రద్దు చేసింది. (పదవి కోల్పోయిన ఆఖరి ఖలీఫా అబ్దుల్ మజీద్ కుమార్తె దుర్రె షెహ్వార్ 1931లో మన నిజాం ఇంటి కోడలైంది. ఆమె తోటికోడలే నీలోఫర్. ఈ ఇద్దరి పేర్లతో హైదరాబాద్‌లో ఆసుపత్రులున్నాయి.) అదే రోజున మత వ్యవహారాల శాఖ 'దియానెట్'ను స్థాపించారు. మతాన్ని ప్రభుత్వం నుంచి వేరు చేశామన్నారు గానీ, నిజానికి మసీదును ప్రభుత్వ కార్యాలయంగా మార్చారు. ఇమామ్ జీతం ప్రభుత్వానిది. శుక్రవారం ఖుత్బా ప్రభుత్వానిది. 1925లో సూఫీ ఖాన్‌ఖాలన్నిటికీ తాళాలు పడ్డాయి, మౌలానా రూమీ దర్గాకూ హాజీ బెక్తాష్ దర్గాకూ కూడా. ఆ ఏడాదే టర్కీలో టోపీ నిషేధించారు. వాళ్లు వద్దన్న రూమీ టోపీ హైదరాబాద్‌లో ఆ తర్వాత కూడా దర్జాగా నడిచింది! 1932 నుంచి 1950 దాకా అజాన్ సైతం అరబీలో ఇవ్వనివ్వలేదు.

మూసేసిన ఖాన్‌ఖాలు ఎలా తెరుచుకున్నాయో గమనించండి. కొన్యాలోని రూమీ దర్గా మ్యూజియం అయింది. హాజీ బెక్తాష్ దర్గా 1964లో మ్యూజియం అయింది. దర్వేషుల 'సెమా' 1950ల నుంచి డిసెంబర్ వర్ధంతి రోజుల్లో కళా ప్రదర్శనగా మళ్లీ మొదలైంది. తరీఖత్‌గా నిషిద్ధం, ప్రదర్శనగా అనుమతి! ఇక్కడే టర్కీ ప్రభుత్వాలకు ఒక కిటుకు దొరికింది. హక్కుగా ఇవ్వడం ఇష్టం లేని దానిని సంస్కృతి పేరుతో ఇవ్వడం.

అలెవీల విషయంలో నేటికీ జరుగుతున్నది ఇదే. 2010లో యునెస్కో అలెవీ బెక్తాషీల సెమాహ్‌ను మానవాళి సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. ఆ దరఖాస్తు పెట్టింది ఎవరో కాదు, టర్కీ ప్రభుత్వమే. కానీ ఆ సెమాహ్ జరిగే జెమెవి మాత్రం చట్టం దృష్టిలో ప్రార్థనా స్థలం కాదు. మసీదు, చర్చి, యూదుల ఆలయాల కరెంటు బిల్లు ప్రభుత్వ నిధి నుంచి చెల్లిస్తారు, జెమెవికి ఆ సదుపాయం లేకపోయింది. ఇస్తాంబుల్‌లోని ఒక జెమెవి బిల్లు వివాదం చివరికి యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం దాకా వెళ్లింది. 2014లో ఆ కోర్టు ఇది వివక్షేనని చెప్పింది. 2016లో మరో కేసులో విస్తృత ధర్మాసనం అదే మాట చెప్పింది. ముస్లింల ప్రార్థనా స్థలం మసీదు ఒక్కటేనని దియానెట్ వాదన. సున్నీ ఫిఖ్ ప్రకారం ఆ వాదనకు బలమెంతో పండితులు తేల్చుకోవచ్చు. కరెంటు బిల్లు ఎవరు కట్టాలన్నది ఫిఖ్ సమస్య కాదు. దియానెట్ నడిచే పన్నులు అలెవీలు కూడా కడుతున్నారు.

మన శుక్రవారం పేజీలో రాయడానికి మనసొప్పని విషయం ఒకటి ఉంది. రాయక తప్పదు. 1993 జూలై 2, సరిగ్గా శుక్రవారం. సివాస్ పట్టణంలో జుమా నమాజు తర్వాత పోగైన మూక మదిమాక్ హోటల్‌ను చుట్టుముట్టింది. అలెవీ కవి పీర్ సుల్తాన్ అబ్దాల్ పేరిట జరిగే ఉత్సవానికి వచ్చిన కవులు, గాయకులు, యువతీ యువకులు లోపలున్నారు. రచయిత అజీజ్ నెసిన్ కూడా ఉన్నారు. సల్మాన్ రష్దీ పుస్తక భాగాలను ప్రచురింపజేసినందుకు ఆయనపై ఆగ్రహం. ఆ పుస్తకంపై ముస్లింల బాధ నిజమైనదే. కానీ గంటల తరబడి ముట్టడి తర్వాత హోటల్‌కు నిప్పు పెట్టారు. ఉత్సవానికి వచ్చిన 33 మంది, హోటల్ సిబ్బంది ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. నెసిన్ బతికి బయటపడ్డారు. అప్పటి ప్రభుత్వం మత ప్రభుత్వం కాదు, సెక్యులర్ ప్రభుత్వమే. పోలీసులు, సైనికులు ఉండి కూడా ఆపలేకపోయారు. దాన్ని స్మారక మ్యూజియం చేయమని అలెవీలు కోరితే, 2011లో విజ్ఞాన సాంస్కృతిక కేంద్రంగా మార్చారు. మళ్లీ సంస్కృతే! మృతుల జాబితాలో ఆ రోజు చనిపోయిన ఇద్దరు దాడిదారుల పేర్లు కూడా చేర్చడం ఆ కుటుంబాల గాయంపై కారం చల్లింది.

మరోవైపు నమాజీల ఫిర్యాదూ అబద్ధం కాదు. 1997 ఫిబ్రవరి 28న సైన్యం ఒత్తిడితో మొదలైన ఆంక్షలు హిజాబ్ ధరించిన వేలాది ఆడపిల్లలను విశ్వవిద్యాలయాల గేట్ల దగ్గరే ఆపేశాయి. 1999లో పార్లమెంటుకు ఎన్నికైన మెర్వె కవాక్చిని తలగుడ్డతో వచ్చినందుకు ప్రమాణం చేయనివ్వలేదు. అలెవీలకు న్యాయం చెప్పిన అదే యూరప్ కోర్టు 2005లో హిజాబ్ నిషేధాన్ని సమర్థించింది. ఎర్దోగాన్ ప్రభుత్వ కాలంలో 2010 నుంచి కళాశాలల్లో, 2013లో ప్రభుత్వోద్యోగాల్లో నిషేధం తొలగింది. అది న్యాయమైన పని.

ముల్లా నస్రుద్దీన్ ఖాజీగా ఉన్న కథ మనకూ తెలిసిందే. ఫిర్యాదిని విని నీది న్యాయం అన్నాడు, ప్రతివాదిని విని నీదీ న్యాయమే అన్నాడు. ఇద్దరిదీ ఎలా న్యాయమవుతుందని భార్య అడిగితే నీ మాటా న్యాయమే అన్నాడు. టర్కీలో ఎవరి కడుపుకోత విన్నా ఆ ఖాజీలాగే మాట్లాడాలనిపిస్తుంది. అధికారం చేతికందినవాడు మాత్రం తన ఫిర్యాదు తీరగానే కచేరీ తలుపు మూసేస్తున్నాడు.

అయాసోఫియా సంగతి చూడండి. 537లో చర్చిగా వెలసి, 1453లో మసీదై, 1934 నిర్ణయంతో మ్యూజియం అయిన ఆ కట్టడం 2020 జూలైలో మళ్లీ మసీదైంది. జూలై 24న తొలి జుమాకు జనం పోటెత్తారు. ఆ రోజు మన దగ్గర కూడా చాలామంది సంతోషించారు. మనదేశంలో 1992 డిసెంబర్ 6 గాయాన్ని మోస్తున్నవారు ఆ సంతోషానికి ముందు ఒక్క క్షణం ఆగవలసింది. సూరా హజ్ 40వ ఆయత్‌లో మసీదులతో పాటు మఠాలు, చర్చీలు, యూదుల ప్రార్థనాలయాల ప్రస్తావన కూడా ఉంది. ఇప్పుడు విదేశీ పర్యాటకులు పై అంతస్తు చూడాలంటే టికెట్ కొనాలి.

తాజా పరిణామానికి వద్దాం. 2022 నవంబర్‌లో ప్రభుత్వం అలెవీ బెక్తాషీ సంస్కృతి, జెమెవీల అధ్యక్ష కార్యాలయం ఏర్పాటు చేసింది. జెమెవీల దీపాల ఖర్చు ఇస్తామంది, కోరుకున్న దెదెలకు జీతాలన్నది. ఒక అడుగు ముందుకేనని కొందరన్నారు. ప్రధాన అలెవీ సంఘాలు మాత్రం ఒప్పుకోలేదు. ఆ కార్యాలయం ఏ మంత్రిత్వ శాఖ కింద ఉందో చూస్తే కారణం తెలుస్తుంది. అది సాంస్కృతిక, పర్యాటక శాఖ! మా ప్రార్థన పర్యాటక వినోదమా అన్నది వారి ప్రశ్న.

ఆ ప్రశ్న మనకు కొత్తది కాదు. మన బిర్యానీని మెచ్చుకునేవారు, ఖవ్వాలీకి తలలూపేవారు, తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగకు హిందువులు కుడుకల దండలు వేసే సహజీవనం గురించి ఉపన్యాసాలు ఇచ్చేవారు మనకు కొదవ లేదు. పీర్ల పండుగ గొప్పదే. అయితే అద్దె ఇల్లు, ఉద్యోగం, వక్ఫ్ భూమి మాట వచ్చినప్పుడు ఆ మెచ్చుకోలు ఎంతవరకు పనికొస్తుందో అనుభవించిన మనకు తెలుసు. మన దగ్గర మనం అడిగేదే అక్కడ అలెవీ అడుగుతున్నాడు. ముస్లిం మెజారిటీ ఉన్న దేశం కనుక ఆ గొంతు వినిపించనట్లు ఊరుకోవడం న్యాయం కాదు.

ప్రస్తుతానికి తెగనిది బడి పాఠం సంగతి. 1982 రాజ్యాంగం మతపాఠాన్ని తప్పనిసరి చేసింది. అందులో చెప్పేది ప్రధానంగా సున్నీ సంప్రదాయమే. మినహాయింపు క్రైస్తవ, యూదు పిల్లలకు దొరుకుతుంది. అలెవీ ముస్లిమే కదా అని అతనికి దొరకదు. అతని జెమెవిని ప్రార్థనా స్థలంగా మాత్రం ఒప్పుకోరు. యూరప్ కోర్టు 2007లోనూ, మళ్లీ 2014లోనూ ఈ పద్ధతి మార్చమంది. పాఠ్యపుస్తకాల్లో అలెవీల గురించి కొన్ని పేజీలు చేరాయి. తప్పనిసరి మాత్రం తొలగలేదు. మినహాయింపు కావాలనుకునే అలెవీ తల్లిదండ్రులు ఎవరికి వారు కోర్టుకెక్కుతున్నారు.