హబ్బు నట్టు మీద ఉలి దెబ్బ ఇంకెన్నాళ్లు?

ట్రాక్టరు ముందు చక్రం ఊగుతోందంటే మన ఊళ్లలో మొదట వినబడేది సుత్తి చప్పుడు. హబ్బు మూత ఊడదీస్తారు. లోపల గ్రీజులో మునిగిన నట్టు కనిపిస్తుంది. దాని అంచుకు ఉలి ఆనించి ఠంగు ఠంగున కొడతారు. నట్టు కదులుతుంది, నిజమే. దాంతోపాటు రైతు జేబూ కదులుతుంది. ఆ నట్టు కొలతకు సరిపోయే సాకెట్ ఒక్కటి దగ్గరుంటే ఈ తంతే అక్కర్లేదు. ఇంత చిన్న సంగతికి పేజీలో చోటెందుకని ఎవరైనా అనుకోవచ్చు. సార్వా ఊడ్పుల్లో నాలుగు రోజులు ట్రాక్టరు గట్టు మీద నిలబడిపోయిన రైతును అడగండి. ఇది చిన్న సంగతో పెద్ద సంగతో ఆయనే చెబుతాడు.

ఆ రైతును నేనే. మూడేళ్ల కిందట దమ్ము మధ్యలో మా ట్రాక్టరు ఎడమ ముందు చక్రం ఆడటం మొదలెట్టింది. "స్టీరింగు చేతికి అందటం లేదండీ, చక్రం తల ఊపుతోంది" అన్నాడు డ్రైవరు. ఊళ్లో మెకానిక్కును పిలిపించాం. అతని సంచిలో ఉన్న సాకెట్లలో ఒకటి నట్టు మీద లూజు. ఇంకొకటి ఎక్కనే ఎక్కలేదు. కొలత కుదిరిందేమో గోడ మందంగా ఉండి హబ్బు నోట్లో దూరలేదు. "ఏం ఫర్లేదు బాబాయ్ గారూ, ఉలితో రెండు దెబ్బలేస్తే వచ్చేస్తుంది" అన్నాడు. నేనూ సరే కానీమన్నాను. తప్పు అతనొక్కడిదే కాదు, నాదీ ఉంది.

రెండు దెబ్బలన్నవి ఇరవై అయ్యాయి. నట్టు మూలలు అరిగి గుండ్రంగా తయారయ్యాయి. ఉలి జారి స్టబ్ యాక్సిల్ మర మీద పడింది. కొత్త బేరింగులు, కొత్త సీలు వేశాక చూస్తే కొత్త నట్టు ఆ మర మీద రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. ఇక స్టబ్ యాక్సిలే మార్చాలి. అది దగ్గరి టౌనులో లేదు. బెజవాడ ఆటోనగర్ వెళ్లి తెచ్చి బిగించేసరికి నాలుగో రోజు. ఈలోగా ఆకుమడి ముదిరింది, కూలీలు వేరే చేలకు వెళ్లిపోయారు, దమ్ముకు బయటి ట్రాక్టరు అద్దెకు పెట్టుకున్నాం. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తితే ఏమవుతుందో ఆ సార్వాలో నాకు తెలిసొచ్చింది.

అసలు ముందు చక్రం హబ్బు ఎందుకు విప్పాల్సి వస్తుంది? మెట్ట పొలాల్లో తిరిగే ట్రాక్టరుకు ఈ బాధ తక్కువ. మాగాణిలో దమ్ము చేసే ట్రాక్టరుకు ముందు చక్రాలు బురదనీళ్లలోనే తిరుగుతాయి. హబ్బు వెనక ఉన్న ఆయిల్ సీలు అరిగితే బురద లోపలికి పోతుంది. లోపల చిన్నదొకటి, పెద్దదొకటి రెండు టేపరు బేరింగులుంటాయి. గ్రీజులో ఇసుక కలిస్తే అవి తిరగలి రాళ్లలా అరుగుతాయి. అందుకే సీజను ముందోసారి, దమ్ములయ్యాక ఇంకోసారి హబ్బు విప్పి, కడిగి, కొత్త గ్రీజు పెట్టుకోవాలని పాత డ్రైవర్లు చెబుతారు. అంటే హబ్బు నట్టు పదేళ్లకోసారి విప్పేది కాదు. ఏటా విప్పేది. ఏటా విప్పే నట్టుకు పానా లేకపోవడం ఏమిటి?

సాకెట్ సెట్టు పెట్టె నిండా ఉన్నా ఈ నట్టుకు పనికిరాదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టుంటుంది. కారణాలు మూడు. ఒకటి, నట్టు హబ్బు లోపల గొయ్యిలో ఉంటుంది, సాకెట్ గోడ మందమైతే దూరదు. రెండు, స్టబ్ యాక్సిల్ కొన నట్టు దాటి ముందుకు పొడుచుకు వస్తుంది, పొట్టి సాకెట్ ఆ కొనకు తగిలి ఆగిపోతుంది, నట్టును పూర్తిగా పట్టదు. మూడు, నట్టు పెద్దది. ఇళ్లలో ఉండే మామూలు సెట్టులో అంత పెద్ద సాకెట్ ఉండదు. అందుకే దీనికి పలచటి గోడ, పొడుగాటి గొట్టం ఉన్న ప్రత్యేక సాకెట్ కావాలి.

దీనికి తోడు అంగుళాలు, మిల్లీమీటర్ల తగాదా ఒకటి. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది. కానీ ట్రాక్టర్ల నమూనాలు ఒక్కో దేశం నుంచి వచ్చాయి. 1960లో మద్రాసులో మొదలైన టాఫే, మాసీ ఫెర్గూసన్ నమూనాలు తెచ్చింది. మహీంద్రా వారు 1963లో అమెరికా ఇంటర్నేషనల్ హార్వెస్టర్ తో చేతులు కలిపారు. వాటి పాత బళ్లకు అంగుళాల నట్లు. 1971లో హెచ్.ఎం.టి. తెచ్చిన జెటార్ నమూనా చెకొస్లొవేకియాది, అది మిల్లీమీటర్ల బండి. ఈ పాత బళ్లు ఇంకా పొలాల్లో తిరుగుతూనే ఉన్నాయి. పైగా నట్టు పోయినప్పుడల్లా దొరికిందేదో బిగిస్తూ వచ్చాం. కాబట్టి బండి పేరు చెప్పి సాకెట్ కొంటే మోసపోతారు. నట్టు కొలిచే కొనాలి.

కొన్ని కొలతలు ఒకదానికొకటి సరిపోతాయి. ముప్పావు అంగుళం అంటే 19.05 మి.మీ., 19 సాకెట్ దాదాపు పడుతుంది. 15/16 అంగుళానికి 24, 1-1/16 అంగుళానికి 27, ఒకటింబావు అంగుళానికి 32 నడుస్తాయి. కానీ 7/8 అంగుళం అంటే 22.2 మి.మీ. దానికి 22 ఎక్కదు, 23 లూజు. 1-1/8 అంగుళం 28.6 మి.మీ. దాని మీద 30 వేసి బలవంతం చేస్తే మూలలు అరిగిపోతాయి. "కొంచెం లూజేలే" అనుకున్న చోటే సగం నట్లు పాడవుతున్నాయి.

కొలవడం కష్టమేమీ కాదు. వెర్నియర్ ఉంటే సరే. లేకపోతే గ్రీజు శుభ్రంగా తుడిచి, గట్టిగా పిసికిన బంకమన్ను ముద్దను హబ్బు నోట్లోకి నొక్కి తీయండి. నట్టు అచ్చు దిగుతుంది. మన్ను ఆరకముందే స్కేలుతో కొలవండి. రాసుకోవాల్సినవి మూడు. నట్టుకు ఎదురెదురు చదును వైపుల మధ్య దూరం. హబ్బు నోటి లోపలి వెడల్పు. నట్టు దాటి యాక్సిల్ కొన ఎంత పొడుచుకు వచ్చిందో ఆ పొడుగు. వీలైతే అదే కొలత పాత నట్టు ఒకటి చేత్తో పట్టుకెళ్లండి. కొట్టులో ఆ నట్టును సాకెట్ లో పెట్టి చూసి తీసుకోండి. ఆరు మూలల సాకెట్టే అడగండి. పన్నెండు మూలల సాకెట్ కొత్త నట్టుకు పర్వాలేదు గానీ, మూలలు అరిగిన నట్టు మీద జారుతుంది.

దొరక్కపోతే మన వెల్డింగు షాపులోనే చేయించుకోవచ్చు. తగిన సైజు మందపాటి ఇనుప గొట్టం ముక్క తీసుకుని, కొన ఎర్రగా కాల్చి, పాత నట్టు మీద తొడిగి చుట్టూ సుత్తితో చదును చేస్తే ఆరు మూలలు దిగుతాయి. రెండో కొనకు కమ్మీ గుచ్చడానికి అడ్డంగా కన్నం పెడితే గొట్టం పానా తయారు. టూ వీల్ డ్రైవ్ ట్రాక్టరు ముందు హబ్బు నట్టును ఏనుగు బలంతో బిగించరు కాబట్టి ఈ పానా చాలు. ఫోర్ వీల్ డ్రైవ్ సంగతి వేరు. కొన్నిటి హబ్బులో గేర్లు, ఆయిల్ ఉంటాయి, కొన్నిటికి ఆరు మూలల నట్టు బదులు చుట్టూ గాళ్లున్న గుండ్రటి నట్టు ఉంటుంది. దానికి పళ్లున్న సాకెట్ కంపెనీదే కావాలి. అలాగే ముందు చక్రాలకూ ఇంజను శక్తి అందే పాత జీపుల్లో రెండు పలచటి పెద్ద నట్లు, మధ్యలో మడత వాషరు ఉంటాయి. అక్కడ ఉలి పడిందంటే మడత వాషరు చిరిగి నట్టు దానంతటదే వదులవుతుంది.

విప్పడం కన్నా బిగించడంలోనే ప్రమాదం ఎక్కువ. ఉలితో కొట్టి బిగించిన నట్టు ఎంత బిగిసిందో చేతికి తెలియదు. సాకెట్ తో అయితే తెలుస్తుంది. చక్రాన్ని చేత్తో తిప్పుతూ కొంచెం పట్టేసేదాకా బిగించి, తర్వాత పిన్ను కన్నం ఎదురయ్యేదాకా కాస్త వదులు చేయడం సామాన్యంగా అన్ని చోట్లా ఉన్న పద్ధతి. మీ బండి పుస్తకంలో వేరే లెక్క ఉంటే అదే పాటించండి. మరీ బిగిస్తే బేరింగు కాలుతుంది. వదిలేస్తే చక్రం ఊగి సీలు మళ్లీ పోతుంది. కాటర్ పిన్ను ప్రతిసారీ కొత్తదే వేయాలి. పాత మేకు వంచి పెట్టడం మానాలి. చెరకు లోడు ట్రక్కుతో రోడ్డెక్కిన ట్రాక్టరుకు ముందు చక్రం ఊడితే పోయేది బేరింగు కాదు, మనిషి. జాకీ మీదున్న బండి కింద చెక్క దుంగ పెట్టకుండా చెయ్యి పెట్టకండి.

ఇక నా అసలు మాట. బండి కొన్నప్పుడు ఇచ్చే పనిముట్ల సంచిలో నాలుగు పానాలు, ఒక స్క్రూ డ్రైవరు పెట్టి చేతులు దులుపుకుంటే ఎలా? లక్షలు పోసి కొన్న రైతుకు ఏటా విప్పే హబ్బు నట్టు సాకెట్ ఇవ్వడం కంపెనీకి భారమా? ఇవ్వకపోతే పోనీ, ఆ నట్టు కొలత, సాకెట్ పొడుగు తెలుగు పుస్తకంలో ఒక వరుస రాయడానికి ఖర్చేముంది? "షోరూముకు తీసుకురండి, మేమే చేస్తాం" అంటారు. ఊడ్పుల్లో చక్రం ఊగే ట్రాక్టరును ముప్పై కిలోమీటర్లు తోలుకురమ్మని చెప్పడం న్యాయమేనా?

మెకానిక్కులను తిట్టి లాభం లేదు. పది రకాల బళ్లు చూసే కుర్రాడు పది రకాల సాకెట్లు ఎక్కణ్ణుంచి కొంటాడు? కూలి దగ్గర మనమే యాభై రూపాయలకు బేరమాడతాం. అందుకే ఈ పని ఊరిది. మా ఊరి సహకార సంఘంలో ఇప్పుడు ఓ రేకు పెట్టె ఉంది. ఊళ్లో ఉన్న బళ్ల హబ్బులకు సరిపడే సాకెట్లు, గొట్టం పానాలు, ఒక వెర్నియర్ అందులో పెట్టాం. పది మంది రైతులం తలా కొంత వేసుకుని కొన్నాం. ప్రతి సాకెట్ మీదా ఏ బండికో రంగుతో రాశాం. తీసుకెళ్లినవాళ్లు పుస్తకంలో సంతకం పెట్టి తీసుకెళతారు. పెట్టె మొత్తానికి అయిన ఖర్చు నేను ఆ నాలుగు రోజుల్లో పోగొట్టుకున్నదానికన్నా తక్కువ. యంత్రాలు అద్దెకిచ్చే కస్టమ్ హైరింగ్ సెంటర్లు కూడా ఇలాంటి పెట్టె ఒకటి పెట్టొచ్చు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో యంత్రాల శిక్షణకు, పరీక్షకు కేంద్ర ప్రభుత్వ సంస్థే ఉంది. అలాంటి చోట శిక్షణకు వెళ్లే మన కుర్రాళ్లు హబ్బు విప్పి బిగించడం చేత్తో చేసి నేర్చుకుని రావాలి.

"మా తాతల నాటి నుంచి ఉలితోనే తీస్తున్నాం" అనేవాళ్లున్నారు. తాతల నాటి బండికి టేపరు బేరింగు లేదు బాబూ, ఇరుసూ ఆముదమూ ఉండేవి. ఆ ఇరుసుకు కూడా మన పెద్దలు సీల కొలిచే చెక్కించారు గానీ, అడ్డదిడ్డంగా కొట్టలేదు.

వచ్చే దమ్ములకింకా టైముంది. ఈ వారమే హబ్బు మూత తీసి నట్టు కొలవండి. ఆ కొలతను బండి పుస్తకం అట్ట మీద రాసిపెట్టుకోండి. ఉలిని వడ్రంగి దగ్గరే ఉండనివ్వండి.