వీసా సాక్ష్యాలు విన్నాం, తిరస్కారాల సంగతి ఎవరు చెబుతారు?

ఆదివారం ఆరాధనలో వీసా వచ్చిందని ఎవరైనా సాక్ష్యం చెబితే సంఘమంతా చప్పట్లు కొడుతుంది. కృతజ్ఞత కానుక పళ్లెంలో పడుతుంది, పాస్టరుగారు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తారు. మంచిదే. వీసా రానివాళ్ల మాట మాత్రం ఆ వేదిక మీద వినపడదు. "దేవుని చిత్తం కాలేదు" అని సర్దిచెప్పి పంపేస్తాం. కాన్సులేట్ అధికారి టిక్కు పెట్టిన కాగితాన్ని దేవుని చిత్తం అనడం దగ్గరే నా అభ్యంతరం మొదలవుతుంది.

చదువులకూ ఉద్యోగాలకూ వెళ్లేవాళ్ల సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం. ఇక్కడ చెప్పేది సదస్సులకు వెళ్లవలసినవాళ్ల గురించి. కులం మీదా, కూలి మీదా, పేదరికం మీదా జరిగే అంతర్జాతీయ సమావేశాలు తరచుగా జెనీవాలోనో న్యూయార్క్‌లోనో ఉంటాయి. స్విట్జర్లాండ్‌కు షెంగెన్ వీసా కావాలి. 2024 జూన్ నుంచి దాని రుసుము 90 యూరోలు. అమెరికా సందర్శక వీసాకు 185 డాలర్లు, మన లెక్కలో పదిహేను వేల పైమాటే. వీసా ఇవ్వకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆదాయపు పన్ను రిటర్నులు, యజమాని ఇచ్చిన సెలవు లేఖ, షెంగెన్‌కైతే 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా, ఇవన్నీ అదనం. అమెరికా చట్టంలో 214(బి) అని ఒక సెక్షన్ ఉంది. దరఖాస్తు పెట్టినవాడు అక్కడే ఉండిపోవడానికి వస్తున్నాడని ముందే అనుకోమంటుంది అది. కాదని రుజువు చేసుకోవలసిన భారం అతనిదే. షెంగెన్ తిరస్కార పత్రంలోనూ, గడువులోగా తిరిగి వెళతారన్న నమ్మకం లేదనే గడి ఒకటి ముద్రించే ఉంటుంది. ఆస్తి ఉన్నవాడి మీద నమ్మకం, లేనివాడి మీద అనుమానం. పేదరికం గురించి మాట్లాడటానికి వెళ్లే మనిషి ముందు తాను పేద కానని రుజువు చెయ్యాలన్నమాట.

బెంగళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో తెలుగు మాట్లాడే దళిత స్త్రీలు చాలామంది. రాయలసీమ కరువు తరిమితే వచ్చిన కుటుంబాలు. మన సంఘాల్లో వెనక వరసలో కూర్చునేవాళ్లూ వాళ్లలో ఉన్నారు. పారిశుధ్య కార్మికుల హక్కుల మీద జెనీవాలో సమావేశం పెడితే వెళ్లవలసింది వాళ్లే కదా! ఏళ్ల తరబడి కాంట్రాక్టరు కింద పని చేసిన మనిషి సెలవు లేఖ ఎవరిని అడిగి తెస్తుంది? రిటర్నులు ఎక్కడ చూపిస్తుంది? అందుకే ఆమె వెళ్లదు. ఆమె మీద నివేదిక రాసినవాళ్లు వెళతారు.

వెళితే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. బెంగళూరులో పనిచేస్తున్న రూత్ మనోరమ 1995లో బీజింగ్ మహిళా సదస్సు దాకా దళిత స్త్రీల గొంతు తీసుకెళ్లారు. 2001లో డర్బన్‌లో జాతివివక్ష వ్యతిరేక సదస్సు జరిగినప్పుడు దళితులు పెద్ద బృందంగా వెళ్లారు. కులం జాతి కాదు, అది మా ఇంటి విషయం అని మన ప్రభుత్వం వాదించింది. చివరి ప్రకటనలో కులం మాటే లేకుండా పోయింది. అయినా కులమంటే ఏమిటో ప్రపంచ పత్రికలు రాయక తప్పలేదు, ఎందుకంటే ఆ బాధ పడినవాళ్లు అక్కడ నిలబడి ఉన్నారు. ఆ తర్వాత అంతర్జాతీయ దళిత సంఘీభావ వేదిక ఐక్యరాజ్యసమితిలో సంప్రదింపుల హోదా కోసం 2008లో దరఖాస్తు పెడితే, మన దేశ ప్రతినిధులు ప్రశ్న మీద ప్రశ్న వేస్తూ కూర్చున్నారు. హోదా వచ్చింది 2022 డిసెంబరులో.

కాబట్టి తెల్లవాళ్ల కాన్సులేట్లను తిట్టి ఊరుకుంటే సగం మాటే చెప్పినట్టు. మన దేవనహళ్లి విమానాశ్రయం సంగతి చూడండి. 2022 ఏప్రిల్ 6న ఆమ్నెస్టీ ఇండియా మాజీ అధిపతి ఆకార్ పటేల్ ఉపన్యాసాల కోసం అమెరికా వెళ్లబోతే అక్కడే ఆపేశారు. సీబీఐ ఇచ్చిన లుక్‌అవుట్ సర్క్యులర్ ఉందన్నారు. మర్నాడు ఢిల్లీ కోర్టు దాన్ని వెనక్కి తీసుకోమంది. ఆ రాత్రి ఆయన మళ్లీ వెళితే మళ్లీ ఆపారు. 2024 ఫిబ్రవరిలో రాజ్యాంగం, జాతీయ ఐక్యతల మీద కర్ణాటక ప్రభుత్వం పెట్టిన సదస్సుకు ఆ ప్రభుత్వ ఆహ్వానం మీదే లండన్ నుంచి వచ్చారు ప్రొఫెసర్ నితాషా కౌల్. బ్రిటన్ పాస్‌పోర్టూ ఓసీఐ కార్డూ రెండూ చేతిలో ఉన్నాయి. ఊళ్లోకి అడుగు పెట్టనివ్వకుండా వచ్చిన దారినే తిప్పి పంపారు. ఎవరిని రానివ్వాలో సార్వభౌమ నిర్ణయం అని విదేశాంగ శాఖ చెప్పింది. 2025 మేలో ఆ ఓసీఐ కూడా రద్దయింది. రాజ్యాంగం గురించి మాట్లాడటానికి రాష్ట్రం పిలిస్తే కేంద్రం గుమ్మంలోనే ఆపింది. ఒకే విమానాశ్రయం: ఒకరిని పోనివ్వలేదు, ఒకరిని రానివ్వలేదు.

విదేశీయులను రానివ్వకపోయే అధికారం ప్రభుత్వానికి ఉంది, కాదనను. కారణం చెప్పే బాధ్యత లేదా అన్నదే ప్రశ్న. పౌరుల విషయంలో ఆ సందేహం కూడా అక్కర్లేదు. విదేశాలకు వెళ్లడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 1967లోనే సత్వంత్ సింగ్ కేసులో చెప్పింది. కారణం చెప్పకుండా మేనకా గాంధీ పాస్‌పోర్టు లాక్కున్నప్పుడు, 1978లో, ఆ విధానం న్యాయంగా ఉండి తీరాలంది. 2015 జనవరిలో గ్రీన్‌పీస్ కార్యకర్త ప్రియా పిళ్లైని ఢిల్లీలో విమానం ఎక్కనివ్వకపోతే మార్చిలో హైకోర్టు ఆ సర్క్యులర్ కొట్టేసింది. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా ఆపుతూనే ఉన్నారంటే, సదస్సు ముగిసేలోగా తీర్పు రాదన్న ధీమా తప్ప మరేమీ కాదు.

ఇదంతా రాజకీయం, మనకెందుకు అనే పెద్దలకు ఒక మాట. యెరూషలేములో కొరడాలతో కొట్టబోయినప్పుడు పౌలు తన రోమా పౌరసత్వం ఎత్తి చూపాడు. చాలా డబ్బు పోసి పౌరసత్వం కొనుక్కున్న సహస్రాధిపతి భయపడ్డాడు. ఫిలిప్పీలో రహస్యంగా వదిలేస్తామంటే కదలనన్నాడు, అధికారులే వచ్చి బయటికి తీసుకెళ్లాలన్నాడు. హక్కు అడగడం అవిశ్వాసమని ఆయనకు అనిపించలేదు.

మన ఇల్లు కూడా శుభ్రంగా లేదు. పర్యాటక వీసా మీద విదేశీ ప్రసంగీకులను పిలిచి కన్వెన్షన్ వేదిక ఎక్కించే అలవాటు చాలాచోట్ల ఉంది. సదస్సుకు సదస్సు వీసా, ప్రచారకుడికి మిషనరీ వీసా అని రూలు ఉంది. 2022 అక్టోబరులో అస్సాంలో పర్యాటక వీసాతో మత సభల్లో పాల్గొన్నారని జర్మన్, స్వీడిష్ పౌరులను పట్టుకుని జరిమానా వేశారు. రూలు నచ్చకపోతే బహిరంగంగా ఎదిరించాలి, దొంగచాటుగా తప్పించుకుంటే మన పక్షాన మాట్లాడేవాళ్ల నోరు కూడా మూతపడుతుంది. ఇక ప్రతినిధుల ఎంపిక! బిషప్పుగారు, కార్యదర్శిగారు, కార్యదర్శిగారి సతీమణి. వాళ్ల పాస్‌పోర్టులో ఇదివరకటి స్టాంపులు ఉంటాయి గనక వీసా సులువని ఒక సాకు. ఆ లెక్కన వెళ్లినవాళ్లే వెళుతూ ఉంటారు.

ఆహ్వానించే సంస్థలను మనం ముందే అడగాలి: మీ దేశం మా కార్మికురాలికి వీసా ఇవ్వకపోతే మీరేం చేస్తారు? వాళ్ల రాయబార కార్యాలయానికి ఉత్తరం రాస్తారా, రుసుము భరిస్తారా, సదస్సునే ఆమె రాగలిగిన దేశానికి మారుస్తారా? జవాబు చెప్పని సదస్సుకు ఆమె బదులు ఇంకొకరిని పంపకూడదు.

యౌవనస్థులారా, మీ సంఘం వచ్చే సర్వసభ్య సమావేశంలో లేచి ఈ లెక్క అడగండి: గత పదేళ్లలో విదేశీ సదస్సులకు మన తరఫున వెళ్లింది ఎవరెవరు, ఒక్కొక్కరు ఎన్నిసార్లు, వీసా రాక ఆగిపోయింది ఎవరు, వాళ్లు పోగొట్టుకున్న రుసుము ఎవరు కట్టారు. జవాబును మినిట్స్‌లో రాయించండి.