రైలు పిలిస్తే పలికేవారు

"మా అబ్బాయి అమెరికాలో రైలు పట్టాలకి దగ్గరలో కాపురం వుంటున్నాడు. మైలు పొడుగున గూడ్సుబళ్లు పోతుంటాయి. చుట్టుపక్కల స్టేషనూ లేదు, జెండా వూపే మనిషీ లేడు. దారిలో యేదైనా జరిగితే ఆ డ్రైవరు యెవరితో మొర పెట్టుకుంటాడండీ?" అని ఒక సోదరి అడిగారు. చక్కని ప్రశ్న. నాకు రైళ్ల సంగతులంటే వున్న పిచ్చి ఆమెకి తెలుసు కాబోలు!

మన రైల్వేలో సెక్షన్ కంట్రోలరు అంటామే, ఆ పని చేసేవారిని అక్కడ డిస్పాచర్ అంటారు. యే బండి యెక్కడ ఆగాలో, యేది ముందు పోవాలో చెప్పేది ఆయనే. కాని ఆయన కూర్చునేది వందల మైళ్ల అవతల. బి.ఎన్.ఎస్.ఎఫ్. కంపెనీవారి డిస్పాచర్లు టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో వుంటారు. యూనియన్ పసిఫిక్ వారికి ఒమాహా నగరం.

ఇంజనులో రేడియో వుంటుంది గాని, దాని కేక అంత దూరం పోదు. అందుకని పట్టాల పొడుగునా రేడియో స్తంభాలు నాటారు. ఇంజను మాట దగ్గరి స్తంభానికి చేరితే, అక్కణ్ణించి కంపెనీ లైన్ల మీద ఆఫీసుకి పోతుంది. చిక్కల్లా ఇక్కడే. ఒక్క డిస్పాచరు చేతికింద అలాంటి స్తంభాలు యెన్నో. అన్నిటి మాటలూ ఒక్కసారే వినపడితే ఆ గది సంత అయిపోదూ? అందుకే ముందు తలుపు తట్టాలి. డ్రైవరో, పక్కనుండే కండక్టరో రేడియో మీద మీటలు నొక్కి, తమ టైంటేబిల్‌లో ఆ ప్రాంతానికి రాసివున్న అంకెలు పంపుతారు. టెలిఫోను మీటలు నొక్కితే కూనిరాగం వినిపిస్తుందే, అదే స్వరం. బెల్ టెలిఫోను కంపెనీ 1963లో ఆ మీటల్ని జనానికి అందించింది. ఒక్కో అంకెకి రెండు స్వరాలు జోడీ: 5 నొక్కితే సెకనుకి 770, 1336 కంపనాల స్వరాలు కలిసి మోగుతాయి. మనిషి గొంతులో సరిగ్గా ఆ జంట పలకడం అరుదు గనక, యంత్రం మామూలు మాటల్ని పిలుపు అనుకొని మోసపోదు. డిస్పాచరు యెదుట ఫలానా స్తంభం పిలుస్తోందని గుర్తు పడుతుంది. చేతిలో పని తెమిలాక ఆయన పలుకుతాడు. అందాకా ఓపిక పట్టాల్సిందే.

ప్రాణం మీదికి వస్తే ఓపిక యెక్కడిది? దానికి వేరే అంకె వుంది. మాట మొదలెట్టేముందు "ఎమర్జెన్సీ" అని మూడుసార్లు అనాలని అక్కడి ప్రభుత్వ నిబంధన. అది వినగానే తక్కినవాళ్లు నోరు మూసుకోవాలి.

ఆర్డరు ఇచ్చే తీరు నాకు మరీ నచ్చింది. డిస్పాచరు చెప్పింది రాసుకుని, తిరిగి అప్పజెప్పాలి. నడుస్తున్న బండి తోలే మనిషి రాసుకోకూడదు, రెండోవాడే రాయాలి. ఈ జాగ్రత్త వెనక పాత కథ వుంది. 1851లో ఈరీ రైల్వే సూపరింటెండెంటు చార్లెస్ మైనట్ తంతి కొట్టించి, యెదురుబండిని ముందు స్టేషనులో ఆపించి, తన బండిని పోనిమ్మన్నాడు. డ్రైవరు ససేమిరా అన్నాడు. తీగ మీద వచ్చిన మాటని నమ్మి ప్రాణం పణం పెడతాడా? చివరికి మైనటే ఇంజనెక్కి తోలాడు. ఆ డ్రైవరు పోయి చిట్టచివరి పెట్టెలో, చివరి సీటులో కూర్చున్నాడని చెప్పుకుంటారు. నన్నడిగితే అతను తెలివితక్కువవాడేం కాదు!

ఇక రైలువాళ్లే కాదు, మీ పిల్లలూ ఆ డిస్పాచరుకి కబురు పంపవచ్చు. రోడ్డు పట్టాలు దాటేచోట నీలం రంగు పలక వుంటుంది. దాని మీద టెలిఫోను నంబరు, ఆ గేటు తాలూకు ఆరంకెలు, ఒక అక్షరం వుంటాయి. కారు పట్టాల మీద ఆగిపోతే సామాను సంగతి మరిచి అందరూ దిగిపోవాలి. బండి వస్తూంటే, అది వచ్చే వైపుకే, పట్టాలకి యెడంగా ఏటవాలుగా పరుగెత్తాలి. వింతగా వుంది కదూ? కారు ముక్కలు బండి పోయే వైపుకే యెగురుతాయి మరి. దూరంగా వెళ్లాక ఆ నంబరుకి ఫోను చేసి, పలక మీది అంకెలు చదవాలి. వూరి పేరు తెలియకపోయినా ఫరవాలేదు. నిండు గూడ్సుబండి ఆగటానికి మైలు, అంతకంటే యెక్కువ కూడా పడుతుంది గనక, ఫోను యెంత ముందు పోతే అంత మేలు. ఈ ముక్క ఈసారి అబ్బాయితో మాట్లాడేటప్పుడు చెప్పండమ్మా.