రోగి మంచం పక్కనే నర్సింగ్ బడి

500 మిల్లీలీటర్ల సెలైన్ 8 గంటల్లో ఎక్కించాలి. మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెట్టు. నిమిషానికి ఎన్ని చుక్కలు? బీఎస్సీ నర్సింగ్ చదివే అమ్మాయి ఎవరైనా ఈ లెక్క కాగితం మీద చిటికెలో తేల్చేస్తుంది: 21. అదే అమ్మాయిని వార్డులో డ్రిప్పు స్టాండు దగ్గర నిలబెడితే సంగతి వేరు. గడియారం చూస్తూ చుక్కలు లెక్కపెట్టాలి, రోలరు తిప్పి వేగం సరిచేయాలి. మంచం మీది ముసలాయన మోచేయి మడిచాడంటే ధార ఆగిపోతుంది. ఇంతలో ఆయన కొడుకు వచ్చి, ‘‘కాస్త స్పీడు పెంచండి సిస్టర్, అయిపోతే బస్సు అందుకుంటాం’’ అని బతిమాలతాడు. మొహమాటపడి రోలరు వదిలేస్తే, గుండె బలహీనంగా ఉన్న ఆ పెద్దాయన ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ఆయాసంతో కొట్టుకోవచ్చు. ఎందుకు పెంచకూడదో ఆ కొడుక్కి నెమ్మదిగా నచ్చజెప్పడం కూడా ఆ లెక్కలో భాగమే. దాన్ని నల్లబల్ల నేర్పలేదు. వార్డు నేర్పాలి, వార్డులో పక్కన నిలబడ్డ టీచరు నేర్పాలి. తెలుగు రాష్ట్రాల్లో నర్సింగ్ చదువు కుంటుతున్నది సరిగ్గా ఇక్కడే.

అందుకే ఈ విషయంలో మా మాట సూటిగా చెబుతున్నాం. రోగులతో నిండిన ఆసుపత్రి లేని కళాశాలకు నర్సింగ్ కోర్సు నడిపే అర్హత లేదు. వార్డులో తాము స్వయంగా పనిచేయని అధ్యాపకులకు క్లినికల్ బోధన అప్పగించకూడదు. ఏ కళాశాలకు ఎన్ని సీట్లు ఇవ్వాలో అక్కడి మంచాల మీద ఉన్న రోగుల లెక్కే తేల్చాలి.

పాఠ్యప్రణాళికలో పెద్ద లోటు లేదు. భారత నర్సింగ్ మండలి 2021 జులైలో గెజిట్‌లో ప్రకటించిన నిబంధనలతో బీఎస్సీ నర్సింగ్ 8 సెమిస్టర్ల కోర్సుగా మారింది. క్రెడిట్లు వచ్చాయి, స్కిల్ ల్యాబ్‌కు ప్రాధాన్యం పెరిగింది, చివరి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్‌కు దక్కింది. థియరీలో 80 శాతం హాజరుంటే పరీక్ష రాయనిస్తారు. క్లినికల్ ప్రాక్టికల్స్‌లో మాత్రం పట్టా చేతికి రావాలంటే నూటికి నూరు శాతం ఉండాల్సిందే. 10 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకురాలు, వార్డులో ఒక విద్యార్థికి ముగ్గురు రోగులు, కళాశాలకు 100 పడకల సొంత ఆసుపత్రి, అందులో ముప్పాతిక పడకలు నిండి ఉండటం. ఈ నిబంధనలు రాసినవారికి నర్సింగ్ ఎక్కడ పుడుతుందో తెలుసు. వాటిని అమలు చేయాల్సినవారే కళ్ళు మూసుకున్నారు.

ఉదయం 8 గంటలకు రద్దీగా ఉండే జిల్లా ఆసుపత్రి మెడికల్ వార్డుకు వెళ్ళి చూడండి. మూడు నాలుగు కళాశాలల బస్సులు గేటు దగ్గర ఆగి ఉంటాయి. ఒక మంచం చుట్టూ ఎనిమిది మంది అమ్మాయిలు తెల్లకోట్లు వేసుకుని నిలబడతారు. ఒకరు బీపీ పట్టీ చుడతారు, మిగతా ఏడుగురు ఆమె చెప్పిన అంకె రాసుకుంటారు. కాసేపటికి ఇంకో కళాశాల బృందం అదే మంచం దగ్గరకు వస్తుంది. ‘‘ఇందాకే చూశారు కదమ్మా’’ అంటూ రోగి గోడవైపు తిరిగి పడుకుంటుంది. ఆ అమ్మాయిల ట్యూటరు కళాశాలలో ఆఫీసు పనిలో ఉంటుంది. వార్డు సిస్టరు చేతిలో 40 మంది రోగులుంటారు. ఆమెకు పాఠం చెప్పే తీరిక ఎక్కడిది? రక్తం శాంపిళ్ళు ల్యాబుకు చేర్చడం, ఎక్స్‌రే ఫిల్ములు తేవడం, ఫైళ్ళు మోయడం విద్యార్థినుల వాటాకు వస్తాయి. మధ్యాహ్నానికి లాగ్ బుక్‌లో గడులన్నీ నిండుతాయి. తప్పు ఆ పిల్లలది కాదు, ఆ సిస్టరుదీ కాదు. ఇన్ని బస్సులను ఒకే గేటు దగ్గరకు పంపిన అనుమతులది.

లెక్క వేసి చూద్దాం. ఏడాదికి 60 సీట్లున్న కళాశాలలో నాలుగేళ్ళకు కలిపి 240 మంది విద్యార్థులుంటారు. వారిలో మూడో వంతు ఒకే రోజు వార్డుల్లో ఉన్నారనుకున్నా 80 మంది. తలకు ముగ్గురు రోగుల చొప్పున 240 మంది రోగులు కావాలి. 100 పడకల ఆసుపత్రి ముప్పాతిక నిండితే ఉండేది 75 మంది. మిగతా రోగులను కళాశాలలు వెతుక్కునేది ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే. ఒక్కో కళాశాల ఒప్పంద పత్రం విడిగా చూస్తే సక్రమంగానే కనిపిస్తుంది. అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే మంచం ఎన్ని కళాశాలల లెక్కల్లోకి ఎక్కిందో బయటపడుతుంది. అలా పక్కపక్కన పెట్టి చూసే పని చేయాల్సింది ఆరోగ్య విశ్వవిద్యాలయాలు: ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని ఎన్టీఆర్, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ.

ఇదంతా చదువుల గొడవ, మనకెందుకనుకునే పాఠకులు ఒక్క విషయం గమనించాలి. యూరప్‌లోని తొమ్మిది దేశాల్లో 300 ఆసుపత్రులను పరిశీలించి 2014లో ‘లాన్సెట్’ పత్రిక ఒక అధ్యయనం ప్రచురించింది. ఒక నర్సు చూసుకునే రోగుల సంఖ్య ఒక్కటి పెరిగితే, శస్త్రచికిత్స చేయించుకున్నవారు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం ఎక్కువగా ఉన్నట్టు తేలింది. డిగ్రీ చదివిన నర్సుల వాటా 10 శాతం పెరిగిన చోట ఆ అవకాశం 7 శాతం తక్కువగా కనిపించింది. అంటే నర్సు ఎంత చదివిందన్నది ప్రాణాల లెక్కతో ముడిపడిన విషయం. అయితే అక్కడ డిగ్రీ అంటే వార్డులో చేయి తిరిగిన చదువు. ఆ చేయి తిరగకుండా పట్టా ఒక్కటే ఇస్తే ఆ ఫలితం మనకు రాదు.

కోర్సు ప్రణాళిక వేసేవారు సిలబస్‌ను వారాలుగా పంచి, గదులు కేటాయించి, అంతటితో పని అయిందనుకోకూడదు. ముందు చివరి రోజును ఊహించుకోవాలి. పట్టా అందుకున్న అమ్మాయి మొదటిసారి ఒంటరిగా నైట్ డ్యూటీలో ఉంది. రాత్రి రెండు గంటలకు ఒక రోగి శ్వాస నిమిషానికి 18 నుంచి 28కి పెరిగింది. ఆమె దాన్ని పసిగట్టాలి, తలగడ ఎత్తి కూర్చోబెట్టాలి, డాక్టరుకు ఫోన్ చేసి నాలుగు ముక్కల్లో పరిస్థితి చెప్పాలి. ఇది రావాలంటే ఏ సెమిస్టర్‌లో ఏం చూడాలి, ఎన్నిసార్లు చేయాలి అని వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి. కేస్ షీట్లలో శ్వాస వేగం లెక్కపెట్టకుండానే 18 అనో 20 అనో రాసేయడం వార్డుల్లో పనిచేసేవారికి తెలియని సంగతి కాదు. నిండా ఒక నిమిషం ఛాతీ కదలిక చూస్తూ లెక్కపెట్టడం మొదటి ఏడాదిలోనే అలవాటు కాకపోతే ఆ తర్వాత కాదు. ఆ అలవాటు చేసేది పక్కన గడియారం పట్టుకుని, ‘‘నువ్వు 20 రాశావు, నాకు 26 వచ్చింది, మళ్ళీ చూడు’’ అనే టీచరే.

తరగతికీ వార్డుకీ పొంతన కుదర్చడం ప్రణాళికలో రెండో ముఖ్యమైన పని. ఊపిరితిత్తుల జబ్బుల పాఠం జరుగుతున్న వారమే విద్యార్థినులు ఛాతీ వార్డులో ఉండాలి. ప్రసూతి పాఠాలు చెప్పే రోజుల్లో వాళ్ళు లేబర్ రూములో ఉండాలి. ఆసుపత్రి ఎప్పుడు రానిస్తే అప్పుడు, ఏ వార్డు ఖాళీగా ఉంటే ఆ వార్డుకు పంపితే పాఠం ఒక నెల, రోగి ఇంకో నెల కనిపిస్తారు. రెండూ మనసులో అతుక్కోవు.

భాష సంగతి మూడోది. మొదటి సెమిస్టర్‌లో ఇంగ్లిష్‌ ఒక సబ్జెక్టు. అది అవసరమే, కాదనం. కానీ రోగి ఇంగ్లిష్‌లో మూలగడు. కళ్ళు బైర్లు కమ్ముతున్నాయంటాడు, గుండెల్లో దడ అంటాడు, కడుపులో తిప్పుతోందంటాడు, నోరు పిడచకట్టుకుపోతోందంటాడు. ‘తల తిరుగుతోంది’ అన్న మాట వెనుక షుగర్ పడిపోవడం ఉండొచ్చు, బీపీ పడిపోవడం ఉండొచ్చు, రెండు పూటలుగా అన్నం తినకపోవడమూ ఉండొచ్చు. ఎప్పటినుంచి, లేచినప్పుడా పడుకున్నప్పుడా, ఏం తిన్నావు, ఏ మాత్ర వేసుకున్నావు అని తెలుగులో అడిగి రాబట్టడం ఒక విద్య. ఇది సిలబస్‌లో ఎక్కడో ఒక మూల ‘కమ్యూనికేషన్’ అన్న మాట కింద నలిగిపోతోంది. శ్రీకాకుళం మాట, పాలమూరు మాట, మన్యంలోని గిరిజనుల మాట వినిపించేలా రోగి భాష మీద ప్రత్యేక పాఠాలను రెండు విశ్వవిద్యాలయాలూ సిద్ధం చేయాలి. మంచి నర్సులు అనుభవంతో పోగుచేసుకున్న ఆ మాటలు వారితో పాటే రిటైరైపోతున్నాయి.

వార్డులో పక్కన నిలబడి నేర్పడం జరగని పని కాదు, జరిగిన చోట్లు కళ్ళ ముందున్నాయి. వెల్లూరు సీఎంసీలో 1946లోనే నర్సింగ్ డిగ్రీ కోర్సు మొదలైంది. అక్కడ పాఠం చెప్పే అధ్యాపకులే వార్డు సేవల బాధ్యతా మోస్తారు. పొద్దున తరగతిలో చెప్పిందాన్ని అదే మనిషి వార్డులో చేసి చూపిస్తుంది కాబట్టి, పుస్తకానికీ పనికీ మధ్య అగాధం ఏర్పడదు. అంత దూరం ఎందుకు, మన కరీంనగర్‌నే చూడండి. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్‌లతో కలిసి అక్కడ 30 మంది నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించింది. చిన్న బ్యాచ్, అనుభవమున్న శిక్షకులు, నిజమైన లేబర్ రూము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. నొప్పులు పడుతున్న తల్లి పక్కన గంటల తరబడి ఓపిగ్గా కూర్చుని, నడిపించి, ధైర్యం చెప్పి కాన్పు చేయగల నర్సులు ఈ రాష్ట్రాలకు ఎంత అవసరమో ఆ అంకెలే చెబుతున్నాయి. అలాంటి శిక్షణ బీఎస్సీ విద్యార్థినులందరికీ అందాలి.

తనిఖీలు కట్టుదిట్టం చేస్తే సరిపోతుందని కొందరంటారు. మధ్యప్రదేశ్ అనుభవం వేరే పాఠం చెబుతోంది. అక్కడి నర్సింగ్ కళాశాలల అక్రమాలపై హైకోర్టు ఆదేశంతో సీబీఐ మూడు వందలకు పైగా కళాశాలలను పరిశీలించింది. పదుల సంఖ్యలో కళాశాలలు అర్హత లేనివని తేలాయి. చివరికి 2024 మేలో, అనుకూల నివేదికల కోసం లంచాలు తీసుకున్నారన్న ఆరోపణలపై ఆ తనిఖీల్లో పాల్గొన్న సీబీఐ అధికారులే అరెస్టయ్యారు. ఏడాదికోసారి వచ్చే తనిఖీ ఒక్కటే ఆధారమైతే, ఆ ఒక్క రోజును కొనేయడానికి ప్రయత్నం జరుగుతుంది. ఏ వార్డులో, ఏ రోజు, ఏ కళాశాల నుంచి ఎందరు విద్యార్థులు, ఏ టీచరుతో ఉన్నారో ప్రతిరోజూ అందరికీ కనిపించేలా పెడితే కొనడానికి ఏమీ మిగలదు.

నర్సుల కొరత ఇంత ఉండగా సీట్లకు కోత పెడితే ఎలా అన్నది బలమైన ప్రశ్న. విదేశాల్లోనూ మన నర్సులకు గిరాకీ ఉంది. తెలంగాణలో ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మనీ, జపాన్ ఉద్యోగాలకు నర్సులను సిద్ధం చేస్తోంది. కానీ అక్కడ అడిగేదీ ఈ చేతి నైపుణ్యమే. అమెరికాలో నర్సుగా నమోదు కావడానికి రాసే ఎన్‌క్లెక్స్ పరీక్ష 2023 ఏప్రిల్ నుంచి రోగి పరిస్థితిని బట్టి నిర్ణయం తీసుకునే శక్తికి మరింత పెద్దపీట వేసింది. బ్రిటన్‌లో పరీక్షకుల ముందు పని చేసి చూపించాలి. వార్డు తెలియని పట్టా ఇక్కడా అక్కరకు రాదు, అక్కడా చెల్లదు. పొలం అమ్మి ఫీజు కట్టిన తండ్రికి అలాంటి పట్టా ఇవ్వడం అన్యాయం.

కొరత తీర్చే దారి వేరే ఉంది. 2014 తర్వాత వచ్చిన వైద్య కళాశాలల పక్కనే 157 నర్సింగ్ కళాశాలలు పెట్టాలని 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 1,570 కోట్ల రూపాయలతో నిర్ణయించింది. ఆ ఆలోచన సరైనది. మంచాలు ఎక్కడుంటే బడి అక్కడే ఉండాలి. తెలుగు రాష్ట్రాల్లోని ప్రతి ప్రభుత్వ బోధనాసుపత్రికి ఒక ప్రభుత్వ నర్సింగ్ కళాశాల అనుబంధంగా ఉండాలి. వార్డులపై మొదటి హక్కు దానికే దక్కాలి, మిగిలిన మంచాలను బట్టే ప్రైవేటు సీట్లు ఇవ్వాలి.

ఇదంతా మోయాల్సిన అధ్యాపకుల బతుకునూ చూడాలి. 50 పడకలకు లోపున్న ప్రైవేటు ఆసుపత్రుల్లో సైతం నర్సు జీతం 20 వేల రూపాయలకు తగ్గరాదని, 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన కమిటీ సిఫార్సు చేసింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ మొత్తం చాలామందికి అందని పండే. పాఠం చెప్పే ఎమ్మెస్సీ నర్సుకు వార్డు బాధ్యత ఇస్తున్నప్పుడు దానికి తగిన హోదా, జీతం, భత్యం కూడా ఇవ్వాలి. ఆ ఖర్చు భరించలేమనే యాజమాన్యం నర్సింగ్ కళాశాల నడపకపోవడమే మేలు.

1947 నాటి నర్సింగ్ మండలి చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. రాష్ట్రాల్లోనూ కమిషన్లు ఏర్పాటు కావాలని అది చెబుతోంది. ఈ కమిషన్లు పాత పద్ధతిలోనే అనుమతి పత్రాలు పంచితే కొత్త చట్టం వచ్చి ప్రయోజనం లేదు. వచ్చే విద్యా సంవత్సరపు కళాశాలల జాబితా వెలువడేలోపు రెండు ప్రభుత్వాలూ ఒక పట్టిక ప్రజల ముందుంచాలి: ఏ ఆసుపత్రిలో ఎన్ని మంచాలు, వాటి మీద ఎందరు రోగులు, ఆ మంచాలను ఏ కళాశాలలు చూపించి సీట్లు తెచ్చుకున్నాయి. ఒకే మంచాన్ని రెండుసార్లు లెక్కించిన ప్రతిచోటా సీట్లు తగ్గించాలి.

1860లో ఫ్లారెన్స్ నైటింగేల్ తన నర్సింగ్ బడిని లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలోనే పెట్టింది. రోగి లేని చోట ఈ విద్య నేర్పలేమని అప్పటికే తెలుసు. మన అమ్మో, నాన్నో ఏదో ఒక రాత్రి ఆ వార్డులో పడుకుంటారు. అప్పుడు డ్రిప్పు దగ్గర నిలబడి ‘‘వద్దండీ, స్పీడు పెంచకూడదు’’ అని మనతో గట్టిగా చెప్పగల నర్సు ఉండాలి. ఆ మాట చెప్పే ధైర్యం ఆమెకు ఇదే పనిని ఇంతకుముందు, ఒక టీచరు పక్కన నిలబడి, ఎన్నోసార్లు చేయడం వల్లనే వస్తుంది.